లేని రెండు స్తంభాలు

కిందటి వారం మేస్త్రమ్మను మనం టౌన్‌హాలు దక్షిణపు వరసలో, బాల్కనీ కూలిన చోట, మోకాళ్ళ మీద కూర్చుని ఉండగా వదిలి వచ్చాం. లేపిన రాతిపలక కింద ఆమెకు అన్నం పళ్ళెమంత గుండ్రటి ఇనుప మొద్దు కనబడింది. దాని మీద రంపపు గీతలున్నాయి. ఆరడుగుల అవతల మరో పలక లేపిస్తే అక్కడా అలాంటిదే. ఎవరో రెండు స్తంభాలను నేలమట్టానికి కోసి, పైన పలకలు పరిచి, ఇన్నేళ్ళుగా జనాన్ని వాటి మీద నడిపిస్తున్నారు.

బాల్కనీలో ఆ భాగం ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట, ఒక సన్మాన సభ జరుగుతూ ఉండగా కూలింది. తొమ్మిది మంది పోయారు. గోడలో బాల్కనీ దూలం కూర్చున్నచోట సున్నం నాసిరకమని విచారణ తేల్చింది. అంతకు ముందు మరమ్మతులో ఆ సున్నం పెట్టింది మేస్త్రమ్మ తండ్రి. ఊరంతా పెద్దమేస్త్రి అని పిలిచే ఆ మనిషి ఎనిమిది నెలలు జైల్లో ఉండి వచ్చి, మళ్ళీ తాపీ పట్టలేదు, ఆ హాలు మెట్లు ఎక్కలేదు. ఇప్పుడు అదే నివేదికను చేతిలో పట్టుకుని, ఈ పాత సున్నపు గోడలు బరువు మోయవు, పడగొట్టడమే మేలని కొందరు పట్టుబడుతున్నారు. ఉంచాలో కూల్చాలో తేల్చడానికి పరిశీలన సంఘం ఈరోజు సాయంత్రం నాలుగింటికి వస్తోంది.

మేస్త్రమ్మ ఆ రెండు మొద్దుల మీదా గోనెపట్టాలు కప్పి, ఇంజినీరుగారికి కబురు పంపింది.

ఇంజినీరుగారు ఒకటిన్నరకు వచ్చారు. ఉద్యోగం వదిలి పదేళ్ళయినా ఊళ్ళో ఇంజినీరుగారంటే ఆయనే. హాలు మరమ్మతుకు సలహాదారు కూడా ఆయనే. మేస్త్రమ్మకు పదహారేళ్ళప్పుడు, ఎవరూ ఆ ఇంటివాళ్ళకు పని ఇవ్వని రోజుల్లో, ఆమెను తీసుకెళ్ళి గానుగ సున్నం పని నేర్పే చోట చేర్పించింది ఆయన. పాత గోడను ఎలా చదవాలో నేర్పింది ఆయన. ఆమె ఆయన్ని బాబాయిగారూ అని పిలుస్తుంది. పిలవడమే కాదు, అలాగే అనుకుంటుంది.

తలుపు దగ్గర ఆయన ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగి, కుడిచేత్తో గోడను తాకారు. అది ఆయనకు అలవాటు. నూట పన్నెండేళ్ళ కిందట బజారు సగం తగలబడిపోయినప్పుడు, ఊరి జనం ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడానికి నీడ లేకపోతే కట్టిన హాలు అది. బండ్లవాళ్ళు కొండ నుంచి రాయి ఉత్తపుణ్యానికి తోలారు. కుమ్మరులు మూడొందల కుండలు ఇచ్చారు. వాటిని మూతులు లోపలి వైపుకు ఉండేలా గోడల్లో పొదిగారు. అందుకే వేదిక మీద మామూలు గొంతుతో మాట్లాడినా చివరి వరసకు వినబడుతుంది. బాల్కనీని మోసే పోత ఇనుప స్తంభాలు ఓడలో ముక్కలుగా వచ్చాయి. ఏది ఎక్కడ నిలబెట్టాలో తెలియడానికి ఒక్కో దాని పాదం మీద ఒక్కో అంకె పోతపోశారు. పైన గోపురానికి మూడు వైపులే గడియారం. నాలుగో వైపు ఖాళీ గుండ్రం. ఆ వైపున జైలుంది. అక్కడివాళ్ళకు టైముతో పనేముందని ఆనాటి పెద్దలు నవ్వుకున్నారట. మేస్త్రమ్మ తండ్రి ఎనిమిది నెలలూ ఆ ఖాళీ గుండ్రాన్ని చూస్తూ గంటలు మాత్రం లెక్కపెట్టుకున్నాడు.

"ఏంటమ్మా అంత అర్జెంటు? నాలుగింటికి ఎలాగూ వస్తాగా" అన్నారు ఇంజినీరుగారు.

"నాలుగింటికి అందరూ ఉంటారు బాబాయిగారూ. మీరొక్కరే ఉండగా చూపించాలి."

పలకల పనివాడు ఒక మూల నింపాదిగా చేతులు కడుక్కుంటున్నాడు. అతని పేరు ఏదైనా అందరూ నిదానం అనే పిలుస్తారు. పలక పరిచాక దాన్ని మూడుసార్లు తట్టి, నాలుగోసారి ఆలోచించి, ఐదోసారి లేపే మనిషి.

"నిదానం, నువ్వెళ్ళి అన్నం తిను" అంది మేస్త్రమ్మ.

"ఇప్పుడే తిన్నానమ్మా."

"అయితే మళ్ళీ తిను."

అతను ఆమె ముఖం చూసి, ఆ పూటకి తన పేరు మరిచిపోయినట్టు గబగబా వెళ్ళిపోయాడు.

మేస్త్రమ్మ దక్షిణపు వరస వెంట నడిచింది. ఆమె వెనక ఇంజినీరుగారి చెప్పుల చప్పుడు.

"ఈ స్తంభం పాదం మీద ఎంతుంది?"

"ఏడు" అన్నారాయన, వంగి చూడకుండానే.

"ఇది?"

"ఎనిమిది."

"దీని తర్వాత?"

తర్వాతి స్తంభం బాగా దూరంగా ఉంది. దాని మీద పదకొండు అని ఉంది. ఇరవై ఏడేళ్ళుగా ఈ హాల్లో ఎన్ని మూలలు తడిమిందో, ఈ ఒక్క అంకె ఆమె కంటికి ఎప్పుడూ ఆనలేదు. మొన్న పాత రంగు గీకిస్తే బయటపడింది.

మేస్త్రమ్మ రెండు గోనెపట్టాలూ తీసింది.

ఆయన ఉలిక్కిపడతారనుకుంది. కళ్ళజోడు సవరించుకుని, ఎవరి పని ఇదని అడుగుతారనుకుంది. అప్పుడు ఇద్దరూ కలిసి ఆలోచించి, ఇద్దరూ కలిసి సంఘం ముందు నిలబడవచ్చనుకుంది. పొద్దుటి నుంచీ ఆ మాటలే మనసులో పేర్చుకుంటూ ఉంది.

ఇంజినీరుగారు ఆ మొద్దుల వైపు చూడలేదు. పక్కన గోడకు ఆనించి ఉన్న రాతిపలకల్ని చూశారు. ఒకదాని అంచు వేలితో తడిమారు.

"ఒక్కటి కూడా విరగలేదు" అన్నారు మెల్లగా. "కింద ఉత్త ఇసకే కదా. సిమెంటు వద్దని చెప్పాను. ఎప్పుడైనా తీయాల్సి వస్తే తేలిగ్గా రావాలని."

మేస్త్రమ్మకు ఆ మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"ఎవరికి చెప్పారు వద్దని?"

"పరిచినవాళ్ళకి."

"అంటే మీరు పరిపించారా?"

"కూలిన నాలుగో రోజున" అన్నారాయన. అక్కడ ఒక బోర్లించిన సున్నపు తొట్టి ఉంది. దాని మీద కూర్చున్నారు. నల్లటి పంట్లాముకు సున్నం అంటుకుంటోందని ఆమె చెప్పలేదు, ఆయన చూసుకోలేదు. "విచారణకిచ్చిన నక్షాలో స్తంభాలు పన్నెండే గీశాను. అంతకుముందు పద్నాలుగు ఉండేవని ఎవరూ అనలేదు. ఈ హాల్లో స్తంభాల్ని చూసినవాళ్ళు వేలమంది ఉన్నారమ్మా. లెక్కపెట్టినవాళ్ళు లేరు."

"ఎందుకు తీశారు వాటిని?"

"అప్పటి చైర్మన్‌గారికి ఆ రెండూ అడ్డమొచ్చాయి. పై నుంచి పెద్ద మనిషి వస్తున్నాడు, సన్మానం, ఫొటోలు. బాల్కనీ కింద ముందు వరసలో కూర్చుంటే వేదికకి అడ్డంగా రెండు ఇనుప కాళ్ళేంటి, పీకిపారెయ్యండి అన్నాడు. పైన అడ్డంగా ఇనుప దూలం వేస్తే స్తంభాలు లేకపోయినా నిలుస్తుందని నేను లెక్క కట్టి ఇచ్చాను. ఆ లెక్క తప్పు కాదు. ఇప్పటికీ చూపించగలను. దూలమే రాలేదు. రైల్లో ఎక్కడో ఆగిపోయింది. సభ తేదీ ఆగదు కదా."

"కోసింది ఎవరు?"

ఇంజినీరుగారు తలెత్తి మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశారు.

"మీ నాన్న."

వేదిక మీదుగా ఒక పావురం ఎగిరి రంగుటద్దాల కిటికీ చట్రం మీద వాలింది. ఆ రెక్కల చప్పుడును మూడొందల కుండలూ మోసి తెచ్చి మేస్త్రమ్మ చెవిలో పోశాయి.

"అబద్ధం" అంది. ఆ మాట అనేటప్పటికే అది అబద్ధం కాదని ఆమెకు తెలిసిపోయింది. ఆ మొద్దుల మీద గీతలు ఒకదాని పక్కన ఒకటి దువ్వినట్టున్నాయి. అంత ఓపికగా, అంత సమంగా ఇనుమును కోసే చెయ్యి ఈ ఊళ్ళో ఇంకొకటి లేదు. ఆ చేతి పక్కనే కూర్చుని అన్నం తింటూ పెరిగింది ఆమె.

"మొదట ససేమిరా అన్నాడు" అన్నారు ఇంజినీరుగారు. "ఇవి నిలబెట్టినవాళ్ళు పిచ్చోళ్ళు కాదు బాబూ అన్నాడు. దూలం రెండు రోజుల్లో వస్తుందని నేను మాటిచ్చాను. నా మాట మీద కోశాడు. కోసినా ఊరుకోలేదు. టేకు దుంగలు తెచ్చి, కింద చెక్కలు వేసి, తన చేత్తో ఊతకర్రలు బిగించాడు. దూలం వచ్చేదాకా ఎవరూ వీటిని ముట్టుకోవద్దని నాకు చెప్పి వెళ్ళాడు."

"మరి?"

"సభ రోజు పొద్దున చైర్మన్‌గారు వచ్చి చూశాడు. ఈ కర్రలేంటయ్యా, గొడ్లసావిడిలాగా అన్నాడు. గంటలో తీసెయ్యమన్నాడు. కుదరదు అనాలి నేను. నాకప్పుడు ముప్ఫై ఆరేళ్ళు, ప్రమోషన్ కాగితం ఆయన బల్ల మీద ఉంది. ఒక్క పూటే కదా, పైకి జనాన్ని ఎక్కువ ఎక్కనివ్వకుండా చూద్దామనుకున్నాను. తీయించాను. పైకి ఎంతమంది ఎక్కారో నీకు తెలుసు."

మేస్త్రమ్మ ఎనిమిదో స్తంభం మీద చెయ్యి వేసింది. ఆమెకు అప్పుడు పన్నెండేళ్ళు. ఆ సాయంత్రం గుర్తుంది. బజారంతా పరుగులు, ఇంటికి వచ్చిన తండ్రి ఒంటినిండా తెల్లటి దుమ్ము, కాళ్ళు కూడా కడుక్కోకుండా గోడ వైపు తిరిగి కూర్చోవడం.

"కర్రలు తీసేసిన సంగతి నాన్నకి తెలుసా?"

ఇంజినీరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"బాబాయిగారూ. తెలుసా, తెలీదా?"

"తెలీదు. కూలాకే లోపలికి వచ్చాడు."

"అంటే ఇన్నేళ్ళూ..."

"తను పెట్టిన కర్రలే విరిగాయనుకుంటున్నాడు. అందుకే కోర్టులో నోరెత్తలేదు. సున్నం బాగాలేదా అంటే తల ఊపాడు. తప్పు తనదే అనుకున్నాడు కాబట్టి దానికి ఏ పేరు పెట్టినా ఒప్పుకున్నాడు."

మేస్త్రమ్మ గోనెపట్టాలు మడిచి పక్కన పెట్టింది. తర్వాత మేస్త్రమ్మ మాట్లాడింది. గొంతు పెంచలేదు. ఆ హాల్లో పెంచక్కర్లేదు.

"నాకు పని నేర్పించారు. మా తమ్ముడికి ఫీజులు కట్టారు. మా అమ్మకి కళ్ళ ఆపరేషన్ చేయించారు. మీ పుట్టినరోజు అని తెలిస్తే మా అమ్మ మీ పేరు చెప్పి దీపం పెడుతుంది తెలుసా? మా నాన్న గోడకి ముఖం పెట్టి కూర్చుంటే, మీరు మా ఇంటికొచ్చి ఆ గోడ బాగుందని నాకు పాఠం చెప్పారు. నేను మీ కాళ్ళకి దండం పెట్టానండీ. ఒకసారి కాదు."

"తిట్టు తల్లీ."

"తిడితే మీకు తేలిక. అందుకే తిట్టను."

ఆయన తల దించుకున్నారు. మేస్త్రమ్మ చున్నీ అంచుతో ముఖం తుడుచుకుని, పనిలో పడ్డ మనిషిలా లెక్కలోకి దిగింది. నాలుగింటికి సంఘం వస్తుంది. ఈ మొద్దులు చూపిస్తే సున్నం మీద పడ్డ నింద పోతుంది. గోడల తప్పు లేదని తేలుతుంది, హాలు నిలుస్తుంది. కానీ స్తంభాలు ఎవరు కోశారన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు పెద్దమేస్త్రి. నాసిరకం సున్నం పెట్టినవాడిగా బతికిన మనిషి, స్తంభాలు కోసి తొమ్మిది మందిని చంపినవాడిగా పోతాడు. చూపించకుండా పలకలు పరిచేస్తే హాలు పోతుంది, నింద అలాగే ఉంటుంది. ఇనుప మొద్దులు సాక్ష్యం చెబుతాయి. కర్రలు చెప్పవు. అవి ఎప్పుడో ఎవరి పొయ్యిలోనో కాలిపోయి ఉంటాయి.

"కర్రల సంగతి తెలిసినవాళ్ళు ఇంకెవరున్నారు?"

"చైర్మన్ పోయాడు. తీసిన బంట్రోతులిద్దరూ పోయారు. నేనొక్కణ్ణే మిగిలాను."

"అయితే నాలుగింటికి మీరు చెప్పాలి."

"చెబుతాను" అన్నారాయన. అంత తొందరగా ఒప్పుకుంటారని ఆమె అనుకోలేదు. "నాకు డెబ్భై దగ్గర పడ్డాయి. పోయేది పరువే కదా, పోనీ. కాకపోతే ఒక్క మాట. సంఘానికి చెప్పే ముందు మీ నాన్నకి చెప్పాలి. ఆయన పదిమందిలో వినకూడదు ఈ మాట. నువ్వు చెప్పకు. నేనే చెప్పాలి."

మేస్త్రమ్మ చేతి గడియారం చూసుకుంది. రెండు దాటింది.

హాలు వెనక సందులో నాలుగో ఇల్లు వాళ్ళది. సైకిలు రిపేరు కొట్టతను ఎప్పటిలాగే ఇంజినీరుగారికి లేచి నమస్కారం పెట్టాడు. ఆయన చేతులు జోడించబోయి, సగంలో దించేశారు.

తలుపు తల్లి తీసింది. ఇంజినీరుగారిని చూసి ఆమె ముఖం విప్పారింది. "రండి రండి బాబూ, ఎన్నాళ్ళయింది!" అంటూనే, కూతురి ముఖం చూసి ఆగిపోయింది. ఆయన ఒంటికి అంటిన సున్నాన్ని చూసింది. మంచినీళ్ళకు లోపలికి వెళ్ళింది.

పెద్దమేస్త్రి ముందుగదిలో నేల మీద కూర్చుని ఒక స్టూలు కాళ్ళు సరిచేస్తున్నాడు. నాలుగో కాలు పొట్టిగా ఉంది. దాని కింద అట్టముక్క పెట్టి చూసి, తీసి, ఇంకో పొర కోసి చూస్తున్నాడు. కిటికీ లోంచి గోపురం కనబడుతుంది. ఆయన ఎప్పుడూ దానికి వీపు పెట్టే కూర్చుంటాడు.

"ఇంజినీరు బాబుగారా? కుర్చీలో కూర్చోండి. ఈ స్టూలుని నమ్మొద్దు, ఇంకా తయారవలేదు."

ఇంజినీరుగారు కుర్చీలో కూర్చోలేదు. నేల మీద, పెద్దమేస్త్రికి ఎదురుగా కూర్చున్నారు. పెద్దమేస్త్రి కంగారుపడి లేవబోతే, భుజం మీద చెయ్యేసి ఆపారు.

"మేస్త్రిగారూ" అన్నారు. ఇన్నేళ్ళూ ఆయన ఉత్త మేస్త్రీ అనే పిలిచేవారు. ఆ 'గారు' ఆ గదిలో కొత్తగా వినబడింది. "మీకొక మాట చెప్పాలి. అది ఆ రోజే చెప్పాల్సింది."

చెప్పారు. హాల్లో చెప్పినంత వివరంగా కాదు. నాలుగైదు వాక్యాల్లో. కర్రలు విరగలేదు, సభ రోజు పొద్దున నేనే తీయించాను, మీరు విరిగాయనుకుంటున్నారని తెలిసీ ఊరుకున్నాను. అంతే. గుమ్మంలో తల్లి మంచినీళ్ళ గ్లాసుతో అలాగే నిలబడిపోయింది. నీళ్ళు కొద్దిగా ఒలికి ఆమె పాదాల మీద పడ్డాయి.

పెద్దమేస్త్రి చేతిలోని అట్టముక్కను మడిచాడు. విప్పాడు. మళ్ళీ మడిచాడు.

"అయితే, కర్రలు విరగలేదన్నమాట" అన్నాడు చివరికి.

"విరగలేదు."

"మూడో కర్రలో ఒక ముడి ఉండేది." ఆయన ఎవరితోనూ కాకుండా మాట్లాడుతున్నాడు. "రూపాయి బిళ్ళంత. పెట్టేటప్పుడే చూశాను. మార్చాలా అనుకున్నాను. ఫర్లేదులే, రెండు రోజులే కదా అనుకున్నాను. కళ్ళు మూసుకుంటే ఆ ముడే కనబడుతుంది. అక్కడే చిట్లి ఉంటుందని... అన్నం తింటున్నా అదే. పిల్ల పెళ్ళిలోనూ అదే." ఆయన అట్టముక్కను మోకాలి మీద చదును చేశాడు. "చిట్లలేదన్నమాట."

మేస్త్రమ్మ వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. ఆయన అరచెయ్యి తన చేతిలోకి తీసుకుంది. కాయలు ఎప్పుడో పోయి, పసిపిల్లవాడి చెయ్యిలా మెత్తబడిపోయింది. ఆయన ఏడుస్తాడనుకుంది. లేక ఎదురుగా ఉన్నాయన మెడ పట్టుకుంటాడేమో అనుకుంది. ఇంజినీరుగారు కూడా దానికే సిద్ధపడ్డట్టు తల వంచుకుని ఉన్నారు.

పెద్దమేస్త్రి మాత్రం నుదురు ముడిచి ఆలోచిస్తున్నాడు. ఆ ముడి మేస్త్రమ్మకు చిన్నప్పుడు తెలుసు. గోడ కట్టేటప్పుడు ఎక్కడో వంకర కంటికి తగిలితే వచ్చే ముడి అది. ఇన్నేళ్ళకు మళ్ళీ చూసింది.

"ఎన్ని తీశారు బాబూ?"

"ఏంటి?"

"కర్రలు. ఎన్ని తీయించారు?"

"అన్నీ. నాలుగూ."

"నాలుగేనా?"

"నాకు బాగా గుర్తు. బంట్రోతులిద్దరూ చెరో రెండు మోసుకెళ్ళి వెనక గోడకి ఆనించారు. నా కళ్ళముందే."

పెద్దమేస్త్రి మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

"నేను పెట్టింది ఆరు" అన్నాడు. "నాలుగు ముందు వైపు. రెండు వెనక, గోడ దగ్గర, బాల్కనీ దూలాల కొసల కింద. ఆ రెండూ ఎవరి కళ్ళకీ అడ్డం రావు. చైర్మన్‌గారికైనా సరే. ముందువి నాలుగూ తీసేసినా, ఆ రెండూ ఉంటే బాల్కనీ వంగేది. పగిలేది. జనం దిగిపోయే టైముండేది. కూలేది కాదు."

ఇంజినీరుగారు ముందుకు జరిగారు. "నేను వెళ్ళేసరికి గోడ దగ్గర ఏమీ లేవు మేస్త్రిగారూ. ఒట్టు. అక్కడ నాలుగే ఉన్నాయి."

"పొద్దున ఎన్నింటికి వెళ్ళారు?"

"ఏడున్నరకి."

"ముందురోజు సాయంత్రం ఆరింటికి నేను తాళం వేయించి వచ్చాను. అప్పుడు ఆరూ ఉన్నాయి. చేత్తో తట్టి చూసి వచ్చాను, ఒక్కొక్కటీ."

మేస్త్రమ్మ తండ్రి వైపూ, ఇంజినీరుగారి వైపూ మార్చి మార్చి చూసింది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అది ఆమెకు స్పష్టంగా తెలుస్తోంది. అయితే ఆ రాత్రి ఇంకెవరో లోపలికి వచ్చారు.

గోపురం మీద మూడు గంటలు కొట్టింది. పెద్దమేస్త్రి కూతురి భుజం ఆసరాగా పట్టుకుని లేచాడు. ఒక్క క్షణం తూలి, నిలదొక్కుకున్నాడు. కిటికీ వైపు తిరిగాడు. బయట, ఎండలో, ఆ గడియారం ముఖాన్ని సూటిగా చూశాడు.

"గోడ దగ్గర పలకల కింద, కర్రలకి వేసిన చెక్కల అచ్చులుండాలి" అన్నాడు. "అవి ఎటు జరిగాయో చూస్తే, కర్రల్ని ఎటు లాగారో తెలుస్తుంది. అక్కడి పలకలు లేపావా అమ్మా?"

"లేదు నాన్నా."

ఆయన గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు తిరిగాడు.

"నా చెప్పులెక్కడ పెట్టావే?"